ఒకటి రెండు ఇళ్లు అద్దెకిచ్చే ఓనర్లకు: టు-లెట్ బోర్డు పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

కింద తాముండి పై పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లు, రిటైర్మెంటు డబ్బుతో ఒక ఫ్లాటు కొని పెట్టుకున్నవాళ్లు, డాలస్‌లో ఉంటూ మియాపూర్‌లోనో మధురవాడలోనో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఉన్నవాళ్లు. ఈ వ్యాసం వాళ్ల కోసం. కాంప్లెక్సులు, మాల్‌లు ఉన్నవాళ్లకు లాయర్లు, మేనేజర్లు ఉంటారు. మనకు ఉండేది ఒక బ్రోకరు, ఒక వాట్సాప్ గ్రూపు, సలహాలిచ్చే పక్కింటాయన.

ముందుగా ఒక మాట. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఎవరికివ్వాలి, ఎవరిని వద్దనాలి, ఎప్పుడు ఖాళీ చేయించాలి అన్న విషయాల్లో చిన్న ఓనరును చట్టం పెద్దగా పట్టుకోదు. హైదరాబాద్‌లో అయితే మరీ తక్కువ. అంటే న్యాయంగా ఉండాలా వద్దా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. ఆ నిర్ణయాలు బోర్డు కట్టకముందే తీసుకుని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే అవి కోపంలోనో, ఈఎంఐ టెన్షన్‌లోనో, ఇరుగుపొరుగు మాట విన్నాకో తీసుకోవాల్సి వస్తుంది.

1. కొనేముందు: అద్దె మీద ఎంత వస్తుందో నిజాయితీగా లెక్కేసుకోండి

ఇల్లు ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ మెట్టు దాటేయవచ్చు. అద్దె కోసమే కొనాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగండి.

హైదరాబాద్‌లో 80 లక్షలకు ఒక ఫ్లాటు కొన్నారనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే 6 లక్షలు. మొత్తం 86 లక్షలు. అద్దె నెలకు 22,000 వస్తుందనుకోండి, ఏడాదికి 2,64,000. ఇందులో ఏటా ఒక నెల ఖాళీ ఉంటుందని 22,000, బ్రోకరుకు సగం నెల అద్దె 11,000, ఆస్తిపన్నుకు ఒక 6,000, మూడేళ్లకోసారి వేయించే పెయింటుకు ఏడాది వాటా 10,000, ప్లంబరు, గీజరు, తలుపుల రిపేర్లకు 15,000 తీసేయండి. చేతికి వచ్చేది 2 లక్షలు. 86 లక్షల మీద అది రెండున్నర శాతం కూడా కాదు.

దానికి తోడు 60 లక్షలు లోను తీసుకుంటే? 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు మీద ఈఎంఐ సుమారు 52,000. అద్దె పోను ప్రతి నెలా ముప్పై వేలు జీతంలోంచి వేయాలి. రేటు పెరుగుతుందన్న నమ్మకం మీద కొనడం తప్పు కాదు, కానీ "అద్దెతో ఈఎంఐ కట్టేస్తాం" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ లెక్కకూ నీతికీ సంబంధం ఉంది. నెలనెలా ముప్పై వేలు చేతినుంచి పోతున్న ఓనరే ఏడాది తిరక్కుండా అద్దె పెంచుతాడు, అడ్వాన్స్‌లో కోతలు పెడతాడు, మోటారు కాలిపోతే నెల దాటిస్తాడు. అతను చెడ్డవాడు కాకపోవచ్చు. మోయలేని అప్పు భారాన్ని అద్దెకున్నవాళ్ల మీదకు దించుతున్నాడంతే. రెండు మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా ఈఎంఐ కట్టగలిగితేనే కొనండి.

ఇక కాగితాల సంగతి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, నిషేధిత భూముల జాబితా, బిల్డింగ్ పర్మిషన్ లాయర్‌తో చూపించుకోవాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రీలాంచ్ పేరుతో అమ్మేవి ఎంత తక్కువకొచ్చినా వద్దు. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ మ్యాపు చూడాల్సిందే. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి చోట అద్దెకున్న కుటుంబం కూడా సామాన్లతో రోడ్డున పడుతుంది, వాళ్లకు నష్టపరిహారం మాట కూడా ఉండదు. పర్మిషన్ లేని పెంట్‌హౌస్, పార్కింగ్ కోసం చూపించిన సెల్లార్‌లో వేసిన గది అద్దెకివ్వడం కూడా ఇలాంటిదే. వాటి అద్దె చవకగా ఉండటానికి కారణం, ప్రమాదం అందులో పడుకునేవాళ్లది కావడం.

2. మీరు ఏ చట్టం కిందికి వస్తారో తెలుసుకోండి

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దెలకు అది వర్తించదు. ఈ రోజుల్లో 3,500కు హైదరాబాద్‌లో ఒక్క గది దొరకడం కష్టం. కాబట్టి దాదాపు అందరూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికే వస్తారు. గొడవ వస్తే సివిల్ కోర్టు. ఆంధ్రప్రదేశ్‌లో పాత చట్టం స్థానంలో 2017 నాటి అద్దె చట్టం ఉంది. అక్కడి ఓనర్లు అగ్రిమెంటు రాసేముందు దాన్ని లాయరు దగ్గర ఒకసారి చదివించుకోవాలి.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాష్ట్రం తీసుకుంటేనే అది చట్టమవుతుంది. అయినా దాన్ని కొలబద్దగా పెట్టుకోవచ్చు. నివాసానికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. రెండూ ఎవరికైనా ఒప్పుకోదగ్గవే.

ఒక అపోహ కూడా వదిలించుకోండి. "11 నెలలు దాటితే ఇల్లు వాళ్లదైపోతుంది" అంటుంటారు. అదేం కాదు. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి (మన రెండు రాష్ట్రాల్లో 1999 సవరణ తర్వాత చిన్న గడువు లీజులకూ అది వర్తిస్తుంది). ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలల అలవాటు. అద్దెకు వచ్చినవాడు ఎన్నేళ్లున్నా అద్దెదారే, ఓనరు హక్కును కాదనే వీలు సాక్ష్య చట్టమే అతనికివ్వదు. ఈ భయంతోనే కొందరు ఓనర్లు మంచి కుటుంబాలను కూడా మూడేళ్లకోసారి మార్చేస్తుంటారు. అనవసరం.

3. ఇల్లు సిద్ధం చేయడం: ప్రాణాల మీదికి తెచ్చేవి ముందు

పెయింటు తర్వాత. ముందు నాలుగు చూడండి. సంపు మూతకు తాళం పడుతుందా? చిన్నపిల్లలు సంపులో పడిపోయారన్న వార్త మన ఊళ్లలో ఏటా వింటూనే ఉంటాం. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంటే తీసేయండి, గాలి ఆడని చోట దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. మెయిన్ బోర్డులో షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. బాల్కనీ, మేడ పిట్టగోడ పిల్లలు ఎక్కేంత తక్కువ ఎత్తులో ఉంటే గ్రిల్ వేయించండి.

తర్వాత దాచిపెట్టిన లోపాల సంగతి. మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని పెద్ద లోపం ఓనరుకు తెలిసి ఉంటే, అద్దెకు వచ్చేవాళ్లకు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ అంటుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్నో కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మీ ఇల్లు అలాంటి చోట ఉంటే నీటి మరక మీద పుట్టీ పెట్టి రంగేసి ఊరుకోకండి. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించండి. అలా చెబితే అద్దె ఒక వెయ్యి తగ్గవచ్చు. అయితే వాళ్లు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎత్తు మీద పెట్టుకుంటారు, సర్టిఫికెట్లు అటక మీద దాచుకుంటారు.

4. అద్దె, అడ్వాన్స్, కాలం

అద్దె తేల్చడానికి ఇంటర్నెట్‌లో కనిపించే రేట్లు చూడకండి. అవి అడిగే రేట్లు, కుదిరిన రేట్లు కావు. మీ వీధిలోనే ఈ ఏడాది చేరిన నలుగురిని అడగండి. దానికంటే ఒక అయిదు శాతం తక్కువ పెట్టడం మంచి వ్యాపారమని నా అభిప్రాయం. 22,000 ఇంటికి వెయ్యి తగ్గిస్తే ఏడాదికి పోయేది 12,000. ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 22,000, పైగా బ్రోకరు ఖర్చు.

ఖాళీ నెలలంటే గుర్తొచ్చింది, పంచాంగం కూడా చూసుకోండి. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా అద్దెకు వచ్చేవాళ్లకు ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు. ఆషాఢం మొదట్లో ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా బోర్డు వేలాడాల్సిందే. అగ్రిమెంటు ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా పెట్టుకుంటే పిల్లల బడులు తెరిచే ముందు ఇల్లు మారే కుటుంబాలు దొరుకుతాయి. వాళ్లకూ చదువు మధ్యలో కదిలే బాధ ఉండదు.

అడ్వాన్స్ రెండు నెలలు చాలు. బెంగళూరు చూసి ఆరు నెలలు, పది నెలలు అడగడం మనకెందుకు? ఆ డబ్బు మనది కాదు. దాంతో చీటీ కట్టకండి, గోడలు కట్టించకండి. విడిగా ఒక డిపాజిట్‌లో వేసి ఉంచండి. హైదరాబాద్‌లో చాలా గొడవలు ఓనరు దగ్గర అడ్వాన్స్ తిరిగివ్వడానికి డబ్బు లేకనే వస్తాయి. "కొత్తవాళ్లు రాగానే ఇస్తా" అన్న మాటకు అర్థం అదే. ఇంకొకటి, 20,000 లేదా అంతకు మించిన డిపాజిట్‌ను నగదుగా తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. పెనాల్టీ తీసుకున్న మొత్తమంతా ఉంటుంది. కాబట్టి బ్యాంకు ద్వారానే పుచ్చుకోండి, తిరిగివ్వడం కూడా బ్యాంకు ద్వారానే.

5. ఎవరికి ఇవ్వాలి

"మనవాళ్లేనా?" అని ఫోన్‌లోనే అడిగేస్తారు. నేరుగా కులం అడగడానికి మొహమాటపడేవాళ్లు ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, "నాన్‌వెజ్ తింటారా" అంటారు. పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేశారండీ" అని పెట్టేస్తారు. ఆదివారం పొద్దున్నుంచి పది ఇళ్లు తిరిగి పది చోట్లా ఆ మాటే విన్న కుటుంబానికి సంగతి తెలియకుండా ఉండదు.

నేను చెప్పేది ఇది. మీకున్న నిజమైన భయమేమిటో మొదట పేరు పెట్టుకోండి. అద్దె టైముకు వస్తుందా? ఇల్లు పాడు చేస్తారా? నలుగురని చెప్పి తొమ్మిదిమంది ఉంటారా? రాత్రిళ్లు గోల చేస్తారా? బండ్లు ఎన్ని? వీటిలో ఏ ఒక్కదానికీ కులంలో, మతంలో జవాబు దొరకదు. ఉద్యోగం వివరాలు, పాత ఓనరు ఫోన్ నంబరు, ఎంతమంది ఉంటారన్న లెక్క అడిగితే దొరుకుతుంది. అడిగే ప్రశ్నలు ముందే రాసుకుని వచ్చిన అందరినీ అవే అడగండి. అర్హత ఉండి మొదట వచ్చినవాళ్లకు ఇవ్వండి.

పాత ఓనరును అడిగేటప్పుడు చిన్న కిటుకు. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు వాళ్లను వదిలించుకోవాలని పొగడొచ్చు. అంతకు ముందు ఇంటి ఓనరు మాట నమ్మదగ్గది.

బ్యాచిలర్ల విషయం. "ఫ్యామిలీ ఓన్లీ" బోర్డు వెనక ఉన్నది గోల, పార్కింగ్, మనుషుల సంఖ్య. ఆ మూడూ అగ్రిమెంటులో రాయించుకోవచ్చు. ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు ఇచ్చి, ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు అని గేటు దగ్గర కాపలా కాసే ఓనరాంటీలు చాలామంది ఉన్నారు. ఇల్లు అద్దెకిచ్చాం, హాస్టల్ నడపడం లేదు. పదింటికి గేటు తాళం వేసే అలవాటుంటే వాళ్లకూ ఒక తాళంచెవి ఇవ్వాలి.

శాకాహారం సంగతిలో మాత్రం నేను కాస్త మెత్తబడతాను. ఒకే ఇంట్లో వంటగదులు ఆనుకుని ఉంటే, మీకు ఆ వాసన పడకపోతే ముందే చెప్పండి, అందులో దాపరికం లేదు. మీరు అమీర్‌పేటలో ఉండి కొంపల్లిలోని ఫ్లాటులో ఏం వండుతారో అడగడం మాత్రం మీ పని కాదు.

గుర్తింపు కాగితాలు తీసుకోండి, పోలీసుల దగ్గర వివరాలు నమోదు చేయించండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ చాలు. దాన్ని బ్రోకరుకు, అసోసియేషన్ గ్రూపుకు ఫార్వర్డ్ చేయకండి.

6. అగ్రిమెంటు

వంద రూపాయల స్టాంపు కాగితం కొని, నెట్ సెంటర్‌లో ఉన్న నమూనాలో పేర్లు మార్చి, నోటరీ ముద్ర వేయించుకోవడం మనకు అలవాటు. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. కట్టాల్సిన స్టాంపు డ్యూటీ కట్టని కాగితం కోర్టుకు వెళితే తక్కువైన డ్యూటీతో పాటు దానికి పది రెట్ల దాకా పెనాల్టీ పడవచ్చు. డ్యూటీ ఎంతో అడిగి సరిగ్గా కట్టండి, చిన్న మొత్తమే అవుతుంది. ముఖ్యంగా రెండు మూడేళ్లకు ఇచ్చేట్టయితే తప్పకుండా రిజిస్టర్ చేయించండి.

ఆ నమూనాల్లో అద్దె, అడ్వాన్స్, గడువు ఉంటాయి. గొడవలొచ్చే సంగతులు ఉండవు. వాటిని మీరే రాయాలి. పెయింటు ఖర్చు ఎవరిది? "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు" అన్నది మామూలైపోయింది, ఆరు నెలలున్నా అంతే, ఆరేళ్లున్నా అంతే. నా మాట అడిగితే, రెండేళ్లు దాటి ఉన్నవాళ్ల దగ్గర పెయింటు డబ్బులు తీసుకోకూడదు. గోడ రంగు ఎలాగూ పాతబడుతుంది, దాని ఖర్చు అద్దెలోనే ఉంది. పిల్లలు స్కెచ్ పెన్నుతో గీసినదానికి, మేకులు కొట్టి పెచ్చులూడగొట్టినదానికి తీసుకోవచ్చు.

మెయింటెనెన్స్ డబ్బు ఎవరు కట్టాలి, లిఫ్టు మార్పిడిలాంటి పెద్ద ఖర్చు వస్తే ఎవరిది (ఓనరుదే), ఆస్తిపన్ను ఎవరిది (ఓనరుదే), నోటీసు ఎన్ని నెలలు, అది ఇద్దరికీ సమానమేనా, ఏటా పెంపు ఎంత శాతం, ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, గీజరు, ట్యాపుల జాబితా, ఇవన్నీ ఉండాలి. చేరే రోజు ఇద్దరూ కలిసి ప్రతి గదినీ వీడియో తీసి ఒకరికొకరు పంపుకోండి. పది నిమిషాల పని. భాష కూడా చూసుకోండి. ఇంగ్లీషు చదవలేని కుటుంబం చేత ఇంగ్లీషు అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటే వాళ్లు ఒప్పుకున్నది మీ మాటనే గానీ కాగితాన్ని కాదు. తెలుగులో రాయండి, లేదా ప్రతి వాక్యం చదివి వినిపించండి.

7. కరెంటు, నీళ్లు

ఒక్కో పోర్షన్‌కు ఒక్కో మీటరు పెట్టించండి. ఖర్చనిపిస్తుంది గానీ ఇది ఓనరు తీసుకోగల మంచి నిర్ణయాల్లో ఒకటి. మూడు పోర్షన్లకు ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే పైన వాడిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. అంతేకాదు, 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. వేరే మీటరు లేదన్న ఒక్క కారణంతో ఆటో నడుపుకునే కుటుంబం ఆ సున్నా బిల్లును పోగొట్టుకోకూడదు.

సబ్‌మీటరు పెట్టి "యూనిట్‌కు ఇంత" అని తమకు నచ్చిన రేటు వేసే ఓనర్లున్నారు. అది కరెంటు అమ్ముకోవడం. సబ్‌మీటరే దిక్కయితే మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, ఎవరి యూనిట్లకు వాళ్ల దగ్గర తీసుకోండి. బిల్లు ఫొటో ప్రతి నెలా పంపండి.

నీళ్ల దగ్గర ఎండాకాలం గుర్తుపెట్టుకోవాలి. 2024 వేసవిలో హైదరాబాద్ పడమటి వైపు బోర్లు ఎండిపోయి చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే బతికాయి. ట్యాంకరు ఖర్చు ఎవరిదన్నది ఏప్రిల్‌లో కాకుండా అగ్రిమెంటు నాడే తేలాలి. బోరు ఉందని చెప్పి అద్దెకిచ్చారు కాబట్టి బోరు ఎండితే కనీసం సగం ఓనరు భరించడం సబబు.

8. వాళ్లు ఉన్నంతకాలం

చెప్పకుండా వెళ్లకండి. మీ ఇల్లే కావచ్చు, లోపల స్నానం చేసేది, పడుకునేది వాళ్లు. రిపేర్లకు గడువు పెట్టుకోండి. నీళ్లు, కరెంటు అయితే ఒక రోజు, కారే పైపులకు మూడు రోజులు, మిగతావి రెండు వారాలు. చేయించాల్సిన రిపేరును ఓనరు చెప్పినా పట్టించుకోకపోతే అద్దెదారు తానే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చని చట్టంలోనే ఉంది. దాన్ని ఎదురు మాటగా తీసుకోకండి.

పెంపు ఏటా అయిదు శాతం మామూలు. బాగా చూసుకునే కుటుంబం అయితే రెండేళ్లకోసారి పెంచినా నష్టం లేదు, పైన 4లో వేసిన ఖాళీ నెల లెక్క మరోసారి వేసి చూడండి.

అద్దె ఆలస్యమైతే మొదట కారణం అడగండి. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, మూడు నెలల అద్దె వాయిదా వేసి తర్వాత కిస్తుల్లో తీసుకోవాలని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో ఉద్యోగం పోయినవాళ్లకు అలా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. రెండు నెలల బాకీని ఆరు కిస్తులు చేసి ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టుకోవడం కోర్టు కంటే చవక. మూడో నెల కూడా కిస్తు రాకపోతే అప్పుడు మొహమాటం వద్దు, నోటీసు ఇవ్వండి. జాలి పేరుతో ఏడాది నానబెట్టి తర్వాత సామాన్లు బయట పడేయడం కంటే అదే మేలు.

9. ఇంట్లో చావు సంభవిస్తే

ఈ సంగతి ఏ అగ్రిమెంటులోనూ ఉండదు, మాట్లాడుకోవడానికీ ఇష్టపడం. అందుకే ముందే తేల్చుకోవాలి అంటున్నాను.

తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. అద్దె ఇంట్లో ఉన్న మనిషి ఆస్పత్రిలో చనిపోతే శవాన్ని ఇంటికి తేవద్దని ఓనరు అంటాడు. అరిష్టం, ఇల్లు మూసేయాలి, మళ్లీ ఎవరూ అద్దెకు రారు, ఇవీ కారణాలు. ఆ కుటుంబం అంబులెన్సులోనో, రోడ్డు పక్క టెంటు కిందో, శ్మశానం దగ్గరో రాత్రంతా గడుపుతుంది. జబ్బు ముదిరిన మనిషి ఉన్నారని తెలిసి ముందే ఖాళీ చేయమనేవాళ్లూ ఉన్నారు. ఇలా చేసేవాళ్లు రాక్షసులు కారు. చాలామంది వాళ్ల ఇంట్లో పెద్దవాళ్ల మాటకు, వీధి మాటకు తలొగ్గినవాళ్లే. ఆ రోజు అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చి భయపడినవాళ్లే.

కాబట్టి మామూలు రోజున ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మన ఇంట్లో అద్దెకున్నవాళ్లకు ఆ కష్టం వస్తే ఏం చేస్తాం? నా సలహా: వాకిట్లోనో పార్కింగ్‌లోనో చోటిస్తాం, టెంటు వేసుకోనిస్తాం, నీళ్లకు అడ్డు చెప్పం, పదకొండో రోజు దాకా ఆ ఇంట్లోనే కర్మలు చేసుకోనిస్తాం, ఖాళీ చేయమనం. శుద్ధి, పుణ్యాహవాచనం చేయించాలన్న నమ్మకం మీకుంటే తర్వాత మీ ఖర్చుతో చేయించుకోండి, ఆ ఖర్చు వాళ్ల అడ్వాన్స్‌లోంచి తీయకండి. ఈ నిర్ణయాన్ని అగ్రిమెంటు నాడు ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఇంకా మంచిది. పెద్దవాళ్లున్న కుటుంబాలు ఇల్లు వెతుక్కునేటప్పుడు పైకి అడగలేని ప్రశ్న ఇదే.

10. పన్ను, విదేశాల్లో ఉన్న ఓనర్లు

అద్దె ఆదాయంలోంచి కట్టిన ఆస్తిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల పేరుతో లెక్క అడగకుండానే మినహాయిస్తారు. హోమ్‌లోన్ వడ్డీ కూడా తగ్గుతుంది. ఆపైన నష్టం మిగిలితే పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తీసుకోవచ్చు, కొత్త విధానంలో కుదరదు. ఇన్ని మినహాయింపులుండి కూడా అద్దె చూపించకుండా ఉండాలని "రసీదు ఇవ్వను, పాన్ ఇవ్వను" అనడం అన్యాయం. ఏడాది అద్దె లక్ష దాటితే ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపుకు ఓనరు పాన్ కావాలి. మీరు దాచేదాని ఖర్చు వాళ్ల జీతంలోంచి పోతుంది. అలాగే, ఎక్కువ అద్దెకు రసీదు రాసివ్వమని వాళ్లు అడిగితే మీరూ ఒప్పుకోవద్దు.

నెల అద్దె 50,000 దాటితే అద్దెదారు అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఓనరు ఎన్నారై అయితే లెక్క వేరు. అద్దె ఎంత చిన్నదైనా సెస్సుతో కలిపి 31.2 శాతం కోయాలి, ఆ బాధ్యత అద్దెకున్నవాళ్లది. ఈ సంగతి చాలామంది ఎన్నారై ఓనర్లు చెప్పరు. "అమ్మ అకౌంట్‌లో వేసేయండి" అంటారు. రేపు నోటీసు వచ్చేది ఆ అద్దెదారుకు. మీరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే మీ స్థితి మొదటి రోజే చెప్పండి, అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) తీసుకోండి, ఆ కోత ఎలా కట్టాలో చూపించే ఆడిటరు ఫీజు మీరే భరించండి. తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎక్కువ కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

మీ తరఫున ఇల్లు చూసే బావమరిదికో, వాచ్‌మన్‌కో ఎంతవరకు నిర్ణయం తీసుకునే అధికారం ఉందో కూడా రాసివ్వండి. అయిదు వేల లోపు రిపేరుకు అమెరికాలో తెల్లవారేదాకా ఆగాల్సిన పని ఉండకూడదు.

11. ఖాళీ చేయించడం

అగ్రిమెంటు గడువు ముగిసినంత మాత్రాన వాళ్లు అక్రమంగా ఉన్నట్టు కాదు. మీరు అద్దె తీసుకుంటూనే ఉంటే అది నెలనెలా సాగే అద్దెగా మారుతుంది. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే దాన్ని ముగించడానికి 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. చట్టం 15 రోజులంటుంది గానీ, బడికెళ్లే పిల్లలున్న ఇంటికి రెండు నెలలైనా ఇవ్వండి. కారణం కూడా నిజమే చెప్పండి. "మా అబ్బాయి వస్తున్నాడు" అని పంపించి మరుసటి వారం నాలుగు వేలు ఎక్కువకు బోర్డు కడితే ఆ వీధిలో మీ మాట ఎవరూ నమ్మరు.

తాళం మార్చడం, కరెంటు ఫ్యూజు పీకడం, నీళ్లు ఆపడం చేయకండి. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా బయటికి పంపినవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అక్కడ అడగరు. తెలిసిన ఎస్సైతో ఫోన్ చేయించడం కూడా ఇందులోకే వస్తుంది. నోటీసుకు కదలకపోతే సివిల్ కోర్టే దారి, అది నెమ్మదిగా నడుస్తుంది. ఆ ఖర్చు, టైము లెక్కేసి కొందరు ఓనర్లు చివరి నెల అద్దె వదిలేసి, వ్యాను ఖర్చు తామే ఇచ్చి పంపిస్తారు. అవమానంగా అనిపించవచ్చు గానీ లెక్క ప్రకారం తెలివైన పనే.

వెళ్లే రోజు, చేరినప్పటి వీడియో ముందు పెట్టుకుని ఇద్దరూ గది గదీ చూసుకోండి. కోత ఏదైనా ఉంటే బిల్లు చూపించి కోయండి, "అందాజా మూడు వేలు" అని కాదు. చివరి కరెంటు రీడింగ్ అక్కడే తీసి లెక్క కట్టండి. తాళంచెవి మీ చేతికి వచ్చిన రోజే అడ్వాన్స్ వాళ్ల ఖాతాలో పడాలి. ఎందుకంటే ఆ సాయంత్రమే వాళ్లు ఇంకో ఓనరుకు అడ్వాన్స్ కట్టాలి.